వెన్నుగట్టు దారిగాదెలు

సముద్రం నడుమ మొసలిలా పడుకున్న దీవి ఒకటి ఉండేది. దాని పేరు మకరద్వీపం. దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొస దాకా దాని వీపంతా ఒకే కొండవరస. దాన్ని వెన్నుగట్టు అనేవారు. ఈ కొస నుంచి ఆ కొసకు వెన్నుగట్టును కాలినడకన దాటిన యువరాజుకే అక్కడ పట్టాభిషేకం. తాతలనాటి కట్టుబాటు అది.

కాలినడకన అన్నాను, విన్నారు కదా! యువరాజు మణికేతుడు మాత్రం వినలేదు. ఠీవిగా పల్లకీ ఎక్కాడు. వెంట వంటవాళ్లను, వింజామరలు వీచేవాళ్లను, బాజాభజంత్రీలను తీసుకుపోయాడు. కొండ అనుకున్నాడో, పెళ్లి ఊరేగింపు అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

వేసవి ముదిరేసరికి, దారిలో వెనకబడి బతికిపోయిన ఆ వాయించేవాళ్లూ వండేవాళ్లూ కాళ్లీడ్చుకుంటూ కొండ దిగివచ్చి సంగతి చెప్పారు. ఉత్తరపు కొస దగ్గర యువరాజు పల్లకీతో సహా రాయైపోయాడట. మోస్తున్న బోయీలు కూడా రాళ్లైపోయారట. రాజు చంద్రకేతుడు గుండె బాదుకుని, యువరాజును మళ్లీ మనిషిగా తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తానని చాటింపు వేయించాడు.

బోయీలవాడలో కోమలి అనే పిల్ల ఆ చాటింపు వింది. పేరు కోమలే గాని, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. పల్లకీ మోసినవాళ్లలో ఆమె అన్న గంగులు ఉన్నాడు. తల్లీ తండ్రీ పోయిన పిల్లను భుజాన వేసుకుని పెంచినవాడు ఆ అన్నే. కోమలి తిన్నగా కోటకు పోయి మంత్రిని నిలదీసింది.

"యువరాజు మాట చెప్పారు. మరి మా అన్న మాటేటి?"

మంత్రి ఆవులించాడు. "బోయీలకేం లోటు? పిలిస్తే పదిమంది వస్తారు."

విన్నారా ఆ మాట? నేనైతే ఆయన తలపాగా పీకి పారేసేవాణ్ణి. కోమలి పళ్లు పటపటా కొరికి, ఒక్క మాట కూడా అనకుండా ఇంటికి వచ్చేసింది. ఆమె నోరు మూతపడిందంటే కోపం నషాళానికి అంటిందన్నమాట.

ఇంటికి వస్తూనే చేతికందినదల్లా దుప్పట్లో వేసి మూట కట్టసాగింది. ఆమె నాయనమ్మ నాగులవ్వ గడపలో కూర్చుని అదంతా చూసింది. పడుచుదనంలో వెన్నుగట్టును ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిన మనిషి ఆవిడ.

"ఏటే ఆ మూట? అత్తారింటికి పోతన్నావా?" అంటూ అవ్వ ముడి విప్పేసింది. ఇత్తడి బిందె తీసి పక్కన పెట్టింది. ఊరగాయ జాడీ తీసింది. రెండో చీర కూడా తీసేసింది. "కోపానికి కాళ్లుంటాయి గాని కడుపుండదు. కూకో."

"అన్న అక్కడ రాయై పడుంటే కూకోమంటావేటవ్వా!"

"నువ్వు సగం దారిలో పడి చస్తే, ఆడు రాయిగానే ఉండిపోతాడు. కూకోమన్నానా!"

కోమలి ధుమధుమలాడుతూనే కూర్చుంది. అవ్వ నేల మీద బూడిదతో వెన్నుగట్టు గీసి, దాని మీద మూడు చింతపిక్కలు పెట్టింది. అవి దారిగాదెలు. బాటసారుల కోసం పూర్వులు కొండ మీద కట్టిన రాతి గాదెలవి. ఎవరైనా అందులోంచి కడుపునిండా తినవచ్చు. వెళ్లేముందు మాత్రం తన మూటలోంచి, వెనక వచ్చేవాడి కోసం ఎంతో కొంత పోసి పోవాలి. తిన్నచోట పెట్టిపోవడం ఆ కొండ ధర్మం.

"ఆ యువరాజు మూడు గాదెలూ ఊడ్చుకు తిన్నాడట. ఒక్క గింజ తిరిగి పొయ్యలేదట. ఇప్పుడెలాగ నడుస్తావు, చెప్పు?" అంది అవ్వ.

కోమలి బూడిద గీత మీద చింతపిక్కలు ఒక్కొక్కటే జరుపుతూ లెక్క వేసుకుంది. మొత్తం దారికి సరిపడే తిండి ఒక్కసారే మోయడం ఎవరి తరమూ కాదు. అందుకని మొదటి గాదెకు పలుమార్లు మోసి నింపాలి. అక్కడి నుంచి రెండో గాదెకు, అక్కడి నుంచి మూడో గాదెకు చేరవెయ్యాలి. రెండో గాదె దాటాక గట్టు మీద నీటిచుక్క ఉండదు కాబట్టి సొరబుర్రల్లో నీళ్లు మోయాలి. ఇదంతా తొలకరి పడి బండలు జారకముందే జరగాలి. అంబలికి చోడిపిండి, బెల్లం, చెకుముకిరాయి, గొంగడి. చివరకు మూటలో అవే మిగిలాయి.

మర్నాడు, వాడవాళ్లు తలా ఇంత పోసిన గింజల బస్తా ఎత్తుకుని బయలుదేరి మొదటి గాదెకు చేరేసరికి, గుమ్మంలో కొండంత ఎలుగుబంటి అడ్డం నిలిచింది.

"నేను గాదె కాపలాదారును! తినిపోయేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను. నిన్ను నమిలేస్తాను!" అని గర్జించింది.

"నమలవయ్యా, ఎవడొద్దన్నాడు! ముందు ఈ బస్తా లోపల పొయ్యనీ. నాకు బోలెడు పనుంది!" అని కోమలి దాన్ని మోచేత్తో నెట్టుకుని లోపలికి పోయింది.

ఆ తరవాత ఇంటికీ గాదెకూ పలుమార్లు తిరిగి బస్తాలు మోసింది. గాదె నిండాక ఎలుగుబంటి మెల్లగా దగ్గరకు వచ్చి, "రెండో గాదెకు చేర్చే బస్తాలు నా వీపు మీద వెయ్యమ్మా" అంది.

ఆ గాదె కూడా నింపి, తన గాదె కాచుకోమని ఎలుగును వెనక్కి పంపి, సొరబుర్రల నీళ్లతో పాటు మోయగలిగిన ఒక్క మూటే ఎత్తుకుని కోమలి నీళ్లులేని గట్టు ఎక్కింది. పెదాలు పగిలాయి. అప్పుడు గాలిరాకాసి ఒకటి ఆమె చుట్టూ గిరగిరా తిరుగుతూ, "ఆ మూట విసిరెయ్ పిల్లా! నా వీపెక్కు. చిటికెలో మీ అన్న ముందు దింపుతాను" అంది.

"ఇంకొకరి వీపెక్కి కొండ దాటబోయినోడి గతి తెలీదేటి నాకు? తప్పుకో!" అని కసిరి కోమలి ముందుకు నడిచింది.

మూడో గాదె ముందు గంగులు కనిపించాడు. రాతి భుజం మీద పల్లకీ బొంగు, ఆ భుజం మీద కాయ కాచిన గుర్తు కూడా అలాగే ఉంది. పల్లకీలో యువరాజు రాతి బుగ్గలు లడ్డూతో ఉబ్బి ఉన్నాయి. కోమలికి ఒళ్లు మండిపోయింది. అంతలో బండ చీల్చుకుని గట్టు యక్షిణి వెలువడింది.

"నా గాదెలు ఊడ్చుకుతిన్నారు. అందుకే శపించాను. పో ఇక్కడినుంచి!"

"తిన్నదెవరు, మోసినదెవరు?" కోమలి గొంతు కొండంతా మారుమోగింది. "ఎవరి బుగ్గలు ఉబ్బున్నాయో, ఎవరి డొక్కలు ఎండున్నాయో నీకు కనిపించలేదా? శాపం పెట్టేదానివి కాస్త చూసి పెట్టొద్దూ!"

యక్షిణి వంగి నలుగురు బోయీల రాతి డొక్కలు తడిమి చూసింది. తల దించుకుంది. "పొరపాటు చేశాను. కాని ఈ గాదె ఖాళీగా ఉన్నంతకాలం శాపం విప్పడం నా చేతుల్లో లేదు."

కోమలి దగ్గర మిగిలినది ఒక్క మూట. ఇల్లు చేరడానికి దాచుకున్న తిండి అది. క్షణం కూడా ఆగకుండా దాన్ని గాదెలో కుమ్మరించి, "ఎవడో ఒకడు ఆకలితో వస్తాడు. తిననీ" అంది.

రాళ్లైన బోయీలు కదిలారు. గంగులు బొంగు దించి, కళ్లు నులుముకుని చెల్లెల్ని చూశాడు.

"ఏటే అలా చిక్కిపోయావు? తిన్నావా?" అన్నాడు.

అన్నాళ్ల కోపమూ ఆ ఒక్క మాటకు కరిగిపోయింది. కోమలి అన్న మెడ పట్టుకుని భోరున ఏడ్చింది.

"వీడినేం చేయమంటావు?" అని యక్షిణి ఇంకా రాయిగానే ఉన్న యువరాజును చూపించింది.

కోమలి కళ్లు తుడుచుకుంది. "లేపు. రాయిగా ఉంటే గాదెలెవరు నింపుతారు? పల్లకీని మాత్రం రాయిగానే ఉంచు."

వాళ్లు దిగివచ్చేటప్పుడు కోమలి నింపిన గాదెలే అందరి కడుపులూ నింపాయి. రాజు అర్ధరాజ్యం ఇస్తానంటే కోమలి వద్దంది. వెన్నుగట్టు పెత్తనం బోయీలవాడకు ఇప్పించుకుంది. "మరి పట్టాభిషేకం?" అని మంత్రి నసిగితే, బస్తా ఒకటి ఆయన నెత్తిన పెట్టి, "యువరాజుతో కలిసి నువ్వూ నడు" అంది.

మంత్రి వెనకాల రొప్పుతూ రాగా, మణికేతుడు కాళ్లు బొబ్బలెక్కి, చెమటలు కక్కుతూ మూడో గాదెకు చేరాడు. కోమలి అక్కడే కూర్చుని ఉంది. ఆ గాదెకని అతను మోసుకొచ్చిన బస్తా మూతి విప్పి చూసింది. నిండుగా ఉంది. దారిలో ఒక్క గింజ కూడా తగ్గలేదు.

"కూకో. గంజి పోస్తాను," అంది.

ఆ ఏడే అతను రాజయ్యాడు. ఏటా బస్తా మోసే రాజు. ఇక కథ గాదెకు చేరింది. విని కడుపు నింపుకున్నవాళ్లు, వెనక వచ్చేవాళ్ల కోసం పిడికెడు పెట్టి మరీ కదలండి.