కనుమ గేటు ఐదింటికి మూసేస్తారు

బ్రేక్ పడలేదు!

కారు ముక్కు లోయ వైపు తిరిగింది. ఆమె స్టీరింగ్‌ని రెండు చేతులా బిగించి పట్టుకుంది. చక్రాలు మంచు మీద జారుతున్నాయి... ఇంకా జారుతున్నాయి...

ఠప్!

వెనక బంపర్ కొండరాయికి గుద్దుకుంది. కారు ఆగింది.

ఆమె ఊపిరి కూడా పీల్చుకోలేదు. మళ్లీ గేరు వేసింది.

టైమ్ నాలుగూ యాభై రెండు. అప్పుడే చీకటి పడుతోంది.

కనుమ గేటు ఐదింటికి మూసేస్తారు. కొండ మీది మంచు పెళ్లలు రోడ్డు మీదికి విరిగిపడతాయని భయం. మళ్లీ తీసేది పొద్దున్న ఏడింటికి. ఆ సంగతి ఆమెకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. ట్రిప్ ప్లాన్‌లో ఆ టైమ్ కింద ఎర్ర గీత గీసింది ఆమే!

ఆమె ట్రావెల్ ఆఫీసులో ప్లానర్. పదిహేనేళ్ల సర్వీసు. అక్కడందరూ ఆమెని 'మ్యాప్ మేడమ్' అంటారు. ఎవరు ఎక్కడికి వెళ్లాలన్నా రోడ్డు, లాడ్జి, ఆఖరి పెట్రోల్ బంకు, అన్నీ ఆమె నాలుక చివరే ఉంటాయి.

ఈ ట్రిప్ మాత్రం ఆఫీసు పని కాదు. సొంత చెల్లెలికోసం వేసింది.

రెండు రోజులు మంచు మీద స్కీయింగ్. మూడో రోజు కనుమ దాటి వేడినీటి బుగ్గల దగ్గర మకాం. మూడు వారాలు వంటింటి బల్ల మీద మ్యాపు పరుచుకుని కూర్చుంది. స్కీ బూట్ల సైజులు, మంచులో జారకుండా చక్రాలకి వేసే గొలుసులు, ఏ మలుపు దగ్గర టీ దొరుకుతుంది... ఒక్కటీ వదల్లేదు.

"ఒక్కసారి నువ్వూ మీ ఆయనా కలిసి వెళ్లి రండే. అన్నీ సర్దుకుంటాయి," అంది చెల్లెలితో.

చెల్లెలు తల ఊపింది. ఎప్పుడూ ఊపినట్టే.

ఇవాళ మధ్యాహ్నం ఒకటిన్నరకి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. చెల్లెలి గొంతు. వెనకాల హోరున గాలి.

"అక్కా... రేపు పొద్దున్నకల్లా నా దగ్గర్నుంచి ఫోన్ రాకపోతే... ఆయన నీకు రాసిన మెయిళ్లు పోలీసులకి చూపించు."

అంతే!

తిరిగి చేస్తే చెల్లెలి ఫోన్ కలవలేదు. లాడ్జి ఫోన్ కలవలేదు. పోలీసులకి చేస్తే, "మేడమ్, మా వాళ్లు అక్కడికి చేరేసరికి గేటు మూసేస్తారు. పొద్దున్నే మనిషిని పంపిస్తాం," అన్నారు.

పొద్దున్నే!

ఆమె మరిది రాసిన మెయిళ్లు తెరిచింది. అప్పటికే పాతికసార్లు చదివినవే. కానీ ఇప్పుడు ఒక్కో మాటా కొత్తగా కనిపించింది.

'వదినా, ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా ఉంటుంది?'

'వదినా, గేటు మూశాక అటువైపుకి ఎవరైనా రాగలరా?'

'వదినా, లాడ్జికి దూరంగా ఓ పాత వేడినీటి కొలను ఉందటగా. మాకు విడిగా దాని షెడ్డు తాళం ఇప్పించగలవా? ఆ నీళ్లలో మనిషి ఎంతసేపు ఉండగలడు?'

అన్నిటికీ జవాబు రాసింది. ఆ వేడికి పావుగంట దాటితే స్పృహ తప్పుతుందని కూడా రాసింది. జాగ్రత్తకోసం!

మనిషిని చంపడానికి దారి అడిగితే... మ్యాపు గీసి ఇచ్చింది!

*

గేటు!

ఎరుపూ తెలుపూ చారల కర్ర కిందికి దిగుతోంది.

ఆమె హారన్ మీద చెయ్యి తియ్యలేదు. గార్డు అడ్డంగా వచ్చి చేతులు ఊపాడు. మీసాల నిండా మంచు.

"అయిపోయిందమ్మా! వెనక్కి తిప్పుకోండి!"

"ఇంకా మూడు నిమిషాలుంది!"

"పైన మంచు కదులుతోంది. మీ మూడు నిమిషాలు అది వింటుందా?"

"లోపల నా చెల్లెలుంది. వాళ్లాయన దాన్ని చంపేస్తాడు!"

గార్డు ఆమె మొహంలోకి చూశాడు. "నేను వైర్‌లెస్‌లో చెప్తాను. మీరు ఇక్కడే కూర్చోండి."

"కూర్చుంటే అది చస్తుంది బాబాయ్!"

"అమ్మా, నా మాట..."

ఆమె వినలేదు. అతను వైర్‌లెస్ కోసం గదివైపు తిరిగాడో లేదో, యాక్సిలరేటర్ తొక్కేసింది.

ఫెళ్!

కర్ర రెండు ముక్కలు! అద్దం మీద సాలెగూడులా బీటలు. వెనక నుంచి విజిల్... కేకలు...

ఆమె అద్దంలోకి చూడలేదు.

ఎనిమిది మలుపులు. ప్రతి మలుపూ కళ్లకి కట్టినట్టుంది. ఎప్పుడూ రాని చోటు అయినా సరే. ఐదో మలుపు దగ్గర జారుడు. ఏడో మలుపు దగ్గర సన్నం. ఎనిమిదో మలుపు దాటగానే ఎడం పక్క పాత కొలను.

అన్నీ ఆమె రాసినట్టే ఉన్నాయి. అదే ఒళ్లు జలదరించేలా చేస్తోంది.

చెల్లెలు ఇంటికి మూడుసార్లు వచ్చింది. మొదటిసారి పెదవి చిట్లి. రెండోసారి చెయ్యి కట్టుతో. మూడోసారి ఏ దెబ్బా కనిపించలేదు కానీ, రెండు రోజులు మాటే లేదు. మూడుసార్లూ ఆమే బుజ్జగించింది. మూడుసార్లూ ఆమే కారెక్కించి దింపి వచ్చింది.

ఆమె పళ్లు బిగించింది.

ఇంకొక్క మలుపు...

*

కారు!

చెల్లెలి కారే. రోడ్డు పక్కన ఆపి ఉంది. ఇంజన్ నడుస్తోంది. అద్దాలు లోపల్నుంచి ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి.

ఆమె దిగింది. మోకాళ్ల లోతు మంచు.

కారు దగ్గర్నుంచి కొలను షెడ్డు దాకా అడుగుల గుర్తులు.

వెళ్లినవి రెండు జతలు.

తిరిగొచ్చినది... ఒక్క జతే!

అంటే వాడు పని కానిచ్చుకుని వచ్చేశాడు! కారులో వెచ్చగా కూర్చుని ఉన్నాడు!

కారు తలుపు తీసి వాణ్ని బయటికి ఈడ్చాలనిపించింది. అంతలో షెడ్డులోంచి... మూలుగు!

బతికే ఉంది!

పరిగెత్తింది. పడింది. లేచింది. మళ్లీ పరిగెత్తింది.

షెడ్డు తలుపు గొళ్లెంలో బయటినుంచి స్కీ కర్ర దూర్చి ఉంది. లాగింది. రాలేదు. కాలు తలుపుకి తన్నిపెట్టి లాగింది.

వచ్చింది!

తలుపు తెరవగానే ఆవిరి మొహాన కొట్టింది. గంధకం వాసన. ఏమీ కనిపించడం లేదు. ఆమె మోకాళ్ల మీద పాకుతూ కొలను అంచుకి చేరింది. నీళ్లలో చెయ్యి పెట్టింది. చుర్రుమంది!

"చెల్లీ! నేనే! అక్కనొచ్చాను! చెయ్యి ఇవ్వవే!"

మూలుగు.

ఆమె ఆవిరిలో తడిమింది. చెల్లెలి జడ దొరుకుతుందని. భుజం తగిలింది. మెడ తగిలింది. తర్వాత...

గడ్డం!

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

మరిది!

మెట్టు మీద తల వాల్చి, గొంతుదాకా నీళ్లలో ఉన్నాడు. మొహం ఎర్రగా కమిలిపోయింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, కానీ చూపు లేదు.

ఆమెకి బుర్ర పనిచెయ్యలేదు. చేతులు మాత్రం పనిచేశాయి. చంకల కింద పట్టుకుని లాగింది. పెద్ద శరీరం. మెట్టు మీదికి... గచ్చు మీదికి... తలుపు దాటి మంచు మీదికి.

ఊపిరి ఉంది. సన్నగా, కానీ ఉంది.

"నువ్వు రేపు కదక్కా రావాలి!"

వెనకనుంచి!

ఆమె తిరిగింది.

చెల్లెలు నిలబడి ఉంది. ఒంటి మీద దెబ్బ లేదు. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని ఉంది. వణకడం లేదు.

"నువ్వు ఆఫీసులో ఉంటే ఫోనే చూడవు. సాయంత్రం దాకా చూడవు. నువ్వు బయల్దేరేసరికి గేటు మూసేస్తారు. ఇవాళెందుకు చూశావ్?"

"మీ ట్రిప్ మూడో రోజని... గంటకోసారి చూస్తున్నా."

చెల్లెలి మొహంలో ఏదో కదిలింది. వెంటనే ఆగింది.

"ఆ మెయిళ్లు..." అంది అక్క.

"నేనే రాశాను. ఆయన ఫోన్‌లోంచి. ఆయన పడుకున్నాక." చెల్లెలు వంట ఎలా చెయ్యాలో చెప్పినంత మామూలుగా చెప్పింది. "నిద్ర మాత్రలు ఆయనవే. రోజూ వేసుకునేవే. ఫ్లాస్కులో కాస్త ఎక్కువ కలిపాను. నన్ను నీళ్లలో తొయ్యబోయాడు, భయపడి బయటికొచ్చి తలుపు వేసుకున్నాను. రేపు పోలీసులకి ఇదే చెప్పేదాన్ని. నువ్వు మెయిళ్లు చూపించేదానివి."

"నన్ను సాక్షిని చేశావా?"

"నీ మాట ఎవరైనా నమ్ముతారక్కా. నేను కూడా నమ్మాగా. మూడుసార్లు!"

ఆమెకి చెంప మీద కొట్టినట్టయింది.

"నాతో చెప్పొచ్చు కదే..."

"చెప్పలేదా?" చెల్లెలి గొంతు మొదటిసారి పగిలింది. "చెయ్యి విరిగిందని చెప్పలేదా? రాత్రుళ్లు గదికి బయటినుంచి తాళం వేస్తాడని చెప్పలేదా? నువ్వేమన్నావ్? మగాళ్లకి కోపం ఉంటుంది, సర్దుకోవాలి అన్నావ్. నాకు ట్రిప్ ప్లాన్ చేసిపెట్టావ్! గొలుసులతో సహా!"



కొండ మలుపు మీద లైట్లు! జీపు! గార్డు వచ్చేస్తున్నాడు.

చెల్లెలు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది ఆ చెయ్యి.

"ఆయన్ని మళ్లీ లోపల పెట్టెయ్యక్కా. రెండు నిమిషాలు. నీకు దణ్ణం పెడతాను."

"వద్దు."

"బతికితే నన్ను బతకనివ్వడు!"

"వద్దన్నానా!" ఆమె తన కోటు విప్పి మరిది మీద కప్పింది. చెల్లెలి వైపు తిరిగింది. "చంపనివ్వను. కానీ నిన్ను వాడి దగ్గరికి పంపను. ఈ జన్మకి పంపను. ఇప్పుడు నోరు తెరవకు. నేను మాట్లాడతాను."

జీపు ఆగింది. గార్డు దూకాడు. మరిది దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నాడి చూశాడు. వైర్‌లెస్‌లో ఏదో అరిచాడు. దుప్పటి తెచ్చి కప్పాడు.

"అంబులెన్స్ లాడ్జి వైపు నుంచి వస్తోంది. ఇరవై నిమిషాలు." తలెత్తాడు. "ఏం జరిగిందమ్మా ఇక్కడ?"

గాలి. జీపు ఇంజన్ శబ్దం.

పదిహేనేళ్లుగా ఒక్క తప్పు టైమ్ కూడా రాయని మనిషి. ఒక్క క్షణం కళ్లు మూసుకుంది.

"వాడు దాన్ని నీళ్లలో ముంచుతున్నాడు," అంది. "నా కళ్లతో చూశాను. విడిపించుకుని తోసేసింది. నా ఫోన్‌లో వాడి మెయిళ్లున్నాయి. చూపిస్తాను."

గార్డు నోట్‌బుక్ తీశాడు. "మీరు వచ్చేసరికి ఇద్దరూ నీళ్లలోనే ఉన్నారా?"

"ఉన్నారు."

"కోర్టులో కూడా ఇదే చెప్తారా?"

"ఎక్కడైనా చెప్తాను."

గార్డు టార్చి చెల్లెలి వైపు తిప్పాడు. పొడి జుట్టు. పొడి కోటు. బొత్తాలన్నీ పెట్టే ఉన్నాయి.

టార్చి మెల్లగా అక్క మొహం మీదికి తిరిగి వచ్చింది. ఆమె రెప్ప వెయ్యలేదు.

"అబద్ధపు సాక్ష్యం చెబితే లోపల వేస్తారమ్మా. తెలుసుగా?"

"తెలుసు. రాసుకోండి."

చెల్లెలు అక్కనే చూస్తోంది. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూస్తోంది. పెదవులు వణికాయి. ఇంతసేపటికి ఇప్పుడు... వణుకు మొదలైంది.

"సార్!"

"ఏయ్, నువ్వు నోర్ముయ్!" అక్క అరిచింది.

"అక్క అబద్ధం చెబుతోంది సార్!"

"నోర్ముయ్యమన్నానా!"

"మెయిళ్లు రాసింది నేను. మాత్రలు కలిపింది నేను. తలుపు బిగించింది నేను. అక్కకి ఏమీ తెలీదు. ఆయన్ని బయటికి లాగింది అక్కే!"

"మతిపోయి మాట్లాడుతోంది, వినకండి! ఒసేయ్... నా మాట విను... ఈ ఒక్కసారి నా మాట వినవే!"

జీవితంలో మొదటిసారి, చెల్లెలు అక్క మాట వినలేదు.