ముంజేతికి ఒకటి, వేలికి రెండు

“ఒకటే ఆనించావు. రెండని నా చెవిలో పువ్వులు పెట్టకు.”

క్లాసంతా అటు తిరిగింది. మొండి తన ముంజేతిని వెనక్కి లాక్కుంది. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉన్నా, క్లాసులో ఆ పిల్లని అందరూ మొండి అనే పిలుస్తారు. ఎదురుగా, అలాగే అందరూ పిచ్చుక అని పిలిచే ఆమె నేస్తం జెమ్ క్లిప్ పట్టుకుని బిక్కమొహం వేసింది.

సైన్స్ టీచర్ చెప్పిన ప్రయోగం చిన్నదే. క్లిప్పు వంచి, రెండు మొనల్నీ సెంటీమీటరు ఎడంగా ఉంచాలి. జంటలో ఒకరు కళ్ళు మూసుకుంటే, రెండోవాళ్ళు వాళ్ళ ముంజేతికి ఒకసారి ఒక మొన, ఇంకోసారి రెండూ ఆనించి, ఎన్ని తగిలాయో అడగాలి. మొండి పదిసార్లూ ఒకటే అంది. అందులో ఐదుసార్లు రెండూ ఆనించానని పిచ్చుక రాసింది.

“నిజంగా రెండే,” అంది పిచ్చుక సన్నగా.

“దొంగ. నన్ను ఓడించాలని అబద్ధం రాశావు.”

పిచ్చుక కళ్ళ నిండా నీళ్ళు. ఒకటో క్లాసు నుంచీ మొండి పక్కనే కూర్చునే పిల్ల, బ్యాగు తీసుకుని చివరి బెంచీకి వెళ్ళిపోయింది. ఇంతలో బెల్లు కొట్టారు.

“పాఠం చివరి పేజీ చదువుకుని రా. రేపు మాట్లాడదాం,” అంది టీచర్ మొండితో.

ఇంట్లో అమ్మ జాకెట్లు కుడుతోంది. జరిగిందంతా విని, “సారీ చెప్పావా?” అని అడిగింది.

“ఛస్తే చెప్పను.”

అమ్మ మిషన్ ఆపింది. ఓ జెమ్ క్లిప్పు అలాగే వంచి, మొండి కళ్ళు మూయించి ముంజేతికి ఆనించింది.

“ఎన్ని?”

“ఒకటి.”

కళ్ళు తెరిస్తే రెండు మొనలున్నాయి.

“రెండోది ఇప్పుడే పెట్టావు.”

“అయితే నువ్వే పెట్టుకో. నీ మీద నీకైనా నమ్మకం ఉందా?”

మొండి విసురుగా క్లిప్పు లాక్కుంది. రెండు మొనలూ చూసి మరీ ఆనించి, కళ్ళు మూసుకుంది. ఒకటే. వేలికొనకి ఆనించింది. రెండు.

“మడతలో గుండుసూది ఉంటే నేను వేళ్ళతోనే పట్టేస్తా,” అంది అమ్మ. “ముంజేత్తో తడిమితే దొరకదు.”

మొండి పుస్తకం తీసింది. చర్మంలో స్పర్శనీ ఒత్తిడినీ పసిగట్టే గ్రాహకాలుంటాయట. అవి వేలికొనల్లో కిక్కిరిసి, ముంజేతిలో దూరదూరంగా ఉంటాయట. అందుకే దగ్గరగా తగిలిన రెండు మొనలు అక్కడ ఒకటిగానే తెలుస్తాయట. పిచ్చుక అబద్ధం చెప్పలేదు. మొండికి సిగ్గేసింది.

“రేపు పక్కకి పిలిచి సారీ చెప్పెయ్,” అంది అమ్మ.

“పక్కకెందుకు? దొంగ అని అందరి ముందే అన్నాను.”

మర్నాడు సైన్స్ పీరియడ్ మొదలవగానే మొండి లేచి నిలబడింది.

“పిచ్చుక రాసింది కరెక్టే. నాదే తప్పు. దొంగ అన్నందుకు సారీ.”

“మొండి ఓడిపోయింది,” అని ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఓడిపోయాను. అయితే ఏంటి?”

బ్యాగు తీసుకుని చివరి బెంచీకి వెళ్ళి కూర్చుంది. పిచ్చుక తల తిప్పలేదు.

“ఇంకా కోపమా?”

“ఊఁ.”

“ఉండనీ. పోయేదాకా ఇక్కడే కూర్చుంటా.”