నూకరత్నం తిట్టని రోజు

"ఏటిది నర్సమ్మా? ఉప్మాయా, గోడకేసే సున్నమా? మా ఇంట కోడిపెట్టక్కూడా ఎయ్యను."

మంచం తలవైపు గోడకున్న తెల్లటి పెట్టె ఆ మాటలు విని పసుపు లైటు వెలిగించింది. పసుపు వెలిగిందంటే నర్సు వెళ్ళి చూసి తీరాలి. రెండు వార్డుల మధ్య పరుగులు పెడుతున్న సిస్టర్ సలోమి ఉసూరుమంటూ వచ్చింది.

"వేరేది తెస్తానమ్మా, కోప్పడకండి" అంది.

పేగు ఆపరేషన్ చేయించుకుని అనకాపల్లిలోని ఆ ఆస్పత్రిలో పడుకున్న నూకరత్నం నోరు సామాన్యమైనది కాదు. ఫ్యాన్‌ని తిట్టేది, దుప్పటిని తిట్టేది, తోడుగా ఉన్న కూతురు హైమని లేచింది మొదలు తిట్టేది. సలోమినైతే మరీను. నెమ్మదిగా సూది వేస్తే చేతకాదనేది, చప్పున వేస్తే జాలి లేదనేది. సలోమికి మనసులో చివుక్కుమనేది. ఇంత చాకిరీ చేస్తుంటే ఈ మనిషి నోట ఒక్క మంచిమాట రాదేం అనుకునేది.

ఆ తెల్లటి పెట్టె పేరు శ్రోత. ఒంటికి తీగలు తగిలించకుండానే రోగి మాటనీ, ఊపిరినీ, మూలుగునీ విని లోపలి సంగతి పసిగట్టే మెషీన్. ఇందుశేఖర్ అనే సైంటిస్టు దానికి వేల మంది రోగుల గొంతులు వినిపించి నేర్పాడు. బాధ పెరిగితే గొంతు బిగుసుకుంటుంది, ఫిర్యాదులు పెరుగుతాయి. తగ్గితే మాట మెత్తబడుతుంది. అది నేర్చుకున్న పాఠం స్థూలంగా ఇదే. పచ్చ లైటు వెలిగితే క్షేమం, పసుపైతే వెళ్ళి చూడాలి, ఎరుపైతే పరుగెత్తాలి. పచ్చ వెలిగిన వాళ్ళకి బీపీ, నాడి సాయంత్రం ఒక్కసారి చూస్తే చాలన్నారు. ఆ ధైర్యంతోనే ఒక్కో నర్సు నెత్తిన రెండు వార్డులు పెట్టారు. నర్సుకి అనుమానం వస్తే నొక్కడానికి ఒక బటన్ కూడా ఉంది. నొక్కితే డాక్టర్ రావలసిందే, అయితే ఎందుకు నొక్కారని మెషీన్ అడుగుతుంది, నర్సు కారణం చెప్పాలి.

ఆ గురువారం ఉదయం కూడా ఉప్మాయే వచ్చింది. సలోమి తిట్లకి సిద్ధపడి పళ్ళెం అందించింది.

"బాగుంది తల్లీ" అంది నూకరత్నం, తినకుండానే. "అక్కడెట్టు. నీకెందుకు శ్రమ. నువ్వెల్లి కాసేపు కూకో."

గోడ మీద పచ్చ లైటు వెలిగింది. రోగి ఊపిరి కాస్త పైపైన ఆడుతోందని శ్రోత గమనించకపోలేదు. కానీ మాట మెత్తబడింది, ఫిర్యాదు లేదు. అన్నీ కలిపి చూసి మెరుగే అని తేల్చింది.

"అమ్మ ఇయాల బాగుంది సిస్టర్‌గారూ, నన్నూ ఒక్క మాటనలేదు" అంది హైమ సంబరంగా.

ఈ మనిషి ఇలా మాట్లాడదే అనుకుంది సలోమి. చెయ్యి బటన్ దాకా వెళ్ళింది. కారణం ఏమని చెప్పాలి? పేషెంట్ నన్ను కూర్చోమంది అని చెబితే డాక్టర్లు పడీపడీ నవ్వరూ? అదొక్కటే కాదు. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన మంచిమాట ఆ రోజే దొరికింది, దాన్ని అనుమానించడానికి ఆమెకి మనసొప్పలేదు. నూకరత్నం చెయ్యి పట్టుకుని నాడి చూసినా సరిపోయేది. చూడలేదు. పక్క వార్డులో పసుపు వెలిగితే అటు వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఎరుపు వెలిగింది. పేగుకి వేసిన కుట్టు లోపల విడిపోయి, విషం ఒళ్ళంతా పాకింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. నూకరత్నం దక్కలేదు.

వరండాలో హైమ ఏడవలేదు, గోడకి ఆనుకుని కూర్చుంది. "తిట్టకపోతే పండగనుకున్నాను సిస్టర్‌గారూ" అంది. సలోమి ఆమె పక్కనే కూలబడింది. ఇద్దరూ ఒకే తప్పు చేశారు. ఓదార్చే అర్హత తనకి లేదనిపించింది సలోమికి.

వారం తిరక్కుండా ఇందుశేఖర్ వచ్చాడు.

"ఆ రోజు మీకేమైనా తేడాగా అనిపించిందా సిస్టర్?"

"అనిపించింది సార్."

"మరి బటన్ నొక్కలేదేం?"

"కారణం అడుగుతుంది కదా సార్ మీ మెషీన్. ఆవిడ నన్ను తిట్టలేదు అని చెబితే ఒప్పుకునేదా?"

ఆయన "మంచం మీదున్న ఆ ఒక్క మనిషిని తెలుసుకోవడం దానికి నేర్పలేదమ్మా. తప్పు నాది" అన్నాడు. సలోమి తల అడ్డంగా ఊపింది. ఆ తప్పులో తన వాటాని ఎవరూ తీసుకోలేరని ఆమెకి తెలుసు.

ఆయన శ్రోతకి కొత్త పాఠం చెప్పాడు. చేరిన రోజు నుంచీ ఏ రోగి తీరు ఎలాంటిదో గుర్తుపెట్టుకోవాలి, ఆ తీరు మారితే పిలవాలి. ఇప్పుడది గయ్యాళి నెమ్మదించినా పిలుస్తుంది, మౌని వాగినా పిలుస్తుంది. దానివల్ల బతికి ఇంటికెళ్ళిన వాళ్ళున్నారు, అది అబద్ధం కాదు.

అయితే అలాంటి మెషీన్‌ని రోజూ డ్యూటీ మొదట్లో పరీక్షించాలి. అందుకు రోగి తన సహజమైన తీరులో మాట్లాడిన గొంతు ఒకటి నమూనాగా కావాలి; అది విని పచ్చ వెలిగిస్తే మెషీన్ సరిగ్గా ఉన్నట్టు. ఇందుశేఖర్ శ్రోత దాచుకున్న గొంతులెన్నో విని, అంతకంటే స్పష్టమైనది లేదని ఒకదాన్ని ఎంచాడు. హైమని అడిగితే సరేనంది. అమ్మ గొంతు ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా అంది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే సలోమి చేతులు కడుక్కుని, ఖాళీ మంచం దగ్గర నిలబడి పరీక్ష మీట నొక్కుతుంది.

"ఏటిది నర్సమ్మా? ఉప్మాయా, గోడకేసే సున్నమా?"

పరీక్షకి నర్సు జవాబు చెప్పనక్కర్లేదు. అయినా సలోమి, "వేరేది తెస్తానమ్మా" అంటుంది.

ఖాళీ మంచం మీద పచ్చ లైటు వెలుగుతుంది. పేషెంట్ క్షేమం అంటుంది శ్రోత.