తరం చూడకుండా తట్టిన తలుపు

"ఈ కోడ్ రాసిన మహానుభావుడెవరండీ?" అంది స్రవంతి, అమెరికాలో ఇర్వింగ్‌లోని మా ఆఫీస్ మీటింగ్ రూమంతా వినపడేలా.

చెయ్యెత్తాను. కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రామ్ కెర్నల్‌లో నా మొదటి ప్యాచ్ అది, చిన్న కోడ్ మార్పు. సన్మానం చేస్తుందేమో అనుకున్నాను.

"ఫైల్ హ్యాండిల్‌లో ఏముంటుంది ఫణీ?"

"ఫైల్ పేరుండదండీ, నంబరుంటుంది. నెట్‌వర్క్‌లో అవతలి మిషన్ హ్యాండిల్ పంపితే, మన కెర్నల్ ఆ నంబరు పట్టుకెళ్లి ఫైల్ తెచ్చిస్తుంది."

"ఆ ఫైల్ డిలీట్ అయిపోయి, అదే నంబరు కొత్త ఫైల్‌కి వస్తే?"

నా కోడ్‌లో ఆ సంగతి ఎక్కడ రాశానా అని వెతికాను.

"అందుకే పక్కన జనరేషన్ నంబరుంటుంది. ఆ నంబరు వాడుకున్నవాటిలో ఈ ఫైల్ ఎన్నో తరందో అదీ కలవాలి. కలవకపోతే 'స్టేల్', అంటే పాతబడింది, అని తిప్పి పంపాలి. నువ్వు చెక్ చెయ్యలేదు. కట్టుకొయ్య అదే కదాని ఎవరి గేదెనైనా పితికేస్తావా?"

గేదెల మధ్య పెరిగినవాణ్ణి. అవి తన్నినా ఇంత సిగ్గుపడలేదు. తన్ను తిన్నచోటే ప్రేమలో పడ్డాను.

ఒక సాయంత్రం వానలో ఆమెను ఇంటి దగ్గర డ్రాప్ చేశాను. దారంతా ఆమె ఏం మాట్లాడిందో వైపర్ల చప్పుడులో కొట్టుకుపోయింది. ఫ్లాట్ నంబరు మాత్రం గుండెలో అచ్చయింది.

మొన్న లంచ్‌లో చెప్పింది. "వేరే రాష్ట్రంలో, ఆష్‌బర్న్‌లో జాబ్ వచ్చింది. సోమవారంలోగా యెస్సో నోవో చెప్పాలి."

"కంగ్రాట్స్," అన్నాను. అంతటి మొనగాణ్ణి.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, డైలాగ్ బట్టీపట్టి వెళ్లి ఆ నంబరు ఫ్లాట్ తలుపు తట్టాను. తెరుచుకుంది. ఆమె ముఖం చూసే ధైర్యం లేక కళ్లు మూసుకున్నాను.

"మీరు వెళ్లొద్దు. ఇక్కడే ఉండిపోండి. జీవితాంతం మీ తిట్లు తింటూ పడుంటాను."

"ఉండిపోవాలనే ఉంది బాబూ. వీసా ఆర్నెల్లే ఇచ్చారు."

కళ్లు తెరిచాను. లుంగీలో ఒక పెద్దాయన.

"నా పేరు భీమశంకరం. ఇది మా అబ్బాయి ఫ్లాటు. ఇంతకీ నువ్వెవరి తాలూకు?"

మా నాన్న పేరు చెప్పాను. తాత పేరూ అడిగారు. కెర్నల్ కూడా ఇంతే. దొరికిన ఫోల్డర్‌కి తండ్రెవరు, ఆ తండ్రికి తండ్రెవరు అంటూ మూలం దాకా ఎక్కందే వదలదు. ముత్తాత దగ్గర నాకు ఊపిరాడలేదు.

"స్రవంతి కోసం వచ్చానండీ!"

"ఆ అమ్మాయా? లీజ్ అయిపోయి వెనక బిల్డింగ్‌లో ఫ్రెండ్ దగ్గరికి మారిందిగా. ఇప్పుడే తన పోస్ట్ తీసుకోడానికొస్తే మా ఆవిడ కాఫీ ఇచ్చింది."

స్రవంతి ఆయన వెనకే ఉంది, చేతిలో కప్పు, పెదవుల మీద ఆపుకోలేని నవ్వు.

"ఆష్‌బర్న్ వాళ్లకింకా జవాబివ్వలేదు," అంది. "ఇక్కడ ఉండమనేవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని చూస్తున్నా."

"ఇప్పుడు అన్నాగా!"

"అంకుల్‌తో అన్నావు. నాతో అను."

బట్టీపట్టిందంతా అంకుల్‌కే ఖర్చయిపోయింది. మిగిలింది ఒకటే మాట.

"ఉండవూ?"

"ఊఁ," అంది, కప్పులోకి చూస్తూ.

"కాస్త గట్టిగా చెప్పమ్మా," అన్నారు భీమశంకరం గారు, "వంటింట్లో మా ఆవిడకి వినపళ్లేదట!"