రెండు డబ్బాల చిక్కుడు

తెల్లవారి నల్లా వచ్చేసరికే శాలిబండ గల్లీలో అందరికీ తెలిసిపోయింది. కాశమ్మ తన కోడల్ని ఇవాళ పుట్టింటికి పంపేస్తోంది.

తెలియంది కోడలు రాజమణికే. బిందె చంకనెత్తుకుని నల్లా దగ్గరికి వెళితే ఆడవాళ్లు మాటలాపి పక్కకు జరిగారు. పక్కింటి రుక్మాబాయి ఒక్కతే దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మీ అన్న సాయిలుకు కబురంపిందట మీ అత్త. పగటాల్లకు వస్తడట. బట్టలు సదురుకో బిడ్డా."

"ఎందుకట పెద్దమ్మా?"

"నువ్వు బయటున్న దినాలల్ల చిక్కుడుపాదు ముట్టుకున్నవట. అందుకే మాడిందట."

రాజమణి బిందె అంచుదాకా నిండేవరకు నిలబడి మరీ ఇంటికొచ్చింది. సగం బిందెతో పారిపోయే మనిషి కాదు.

పెరట్లో ఆ చిక్కుడు పందిరి కాశమ్మ ప్రాణం. కాశమ్మ తన తల్లి ఇచ్చిన విత్తనాన్ని ఏటేటా కొంగున ముడేసి దాచి, తొలకరికి పెట్టి, కాయను గంపకెత్తి బజారులో అమ్మేది. డెబ్భై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో ఆ పాదు ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. కొసలు తేలు తోకల్లా వంకర తిరిగాయి. టమాటా అంతే, బంతి అంతే. ఎరువు కుప్ప పక్కన మొలిచిన మొక్కజొన్న మాత్రం నిగనిగలాడుతోంది.

రాజమణి దాన్ని ఓసారి చూసి, మిద్దె మెట్లెక్కింది. అక్కడ నీళ్ల తొట్టి చాటున ఆమె దాచినవి రెండున్నాయి. చూసుకుంది. చాలు, అన్న రానీ అనుకుంది.

సాయిలు ఎండన పడి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కాశమ్మ చాయ్ ఇచ్చి విషయంలోకి దిగింది.

"నీ చెల్లె మంచిదే సాయిలూ. అంటుముట్టు తెల్వది, గంతే. దసరా దాంక ఉంచుకో. చెట్లు తేరుకుంటే మేమే తోలుకొస్తం."

"తేరుకోకుంటే?" గుమ్మంలోంచి రాజమణి అడిగింది.

"పెద్దోళ్ల నడుమ నీ లొల్లేంది?"

"నా బతుకు తీస్కపోయి పాదుకు కట్టినవ్ గద అత్తా. నేను మాట్లాడకుంటే పాదు మాట్లాడుతదా?"

రాజమణి భర్త బాలనర్సింహ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, జర..."

"నువ్వు చాయ్ తాగు," అంది తల్లి. అతను తాగాడు.

రాజమణి మిద్దెక్కి, రెండు డాల్డా డబ్బాలు తెచ్చి అందరి మధ్యా నేల మీద పెట్టింది. రెండింట్లోనూ చిక్కుడు మొక్కలే. ఒకదాంట్లో పచ్చగా, నిటారుగా ఉన్నాయి. రెండోదాంట్లో తేలు తోకలు.

"విత్తనం ఒక్కటే. నీళ్లొక్కటే. రెండూ ఈ చేత్తోనే పెట్టిన. పాదు ముడుసుకుంటుంటే నా మీదికే వస్తదని ఎరికై, పోయిన నెల బయటున్న దినాలల్లనే పెట్టిన."

కాశమ్మ చటుక్కున వెనక్కి జరిగింది.

"నా ముట్టుకే మాడితే రెండూ మాడాలె. పచ్చగున్న దీన్ల ఉత్త మట్టి. దీన్ల మన కుప్పల ఎరువు కలిపిన."

"నా కుప్పకే వంక పెడ్తున్నవా? గల్లీ అంత నా ఎరువే అడుక్కపోతరు."

"రుక్మాబాయి పెద్దమ్మ గూడ గంపెడు తీస్కపోయింది. బయటుండి పెరట్ల మూలకు కూసున్నప్పుడు గోడ మీదికెల్లి జూసిన, ఆమె టమాట గూడ గిట్లనే ముడుసుకుంది. ఆ ఇంట్ల నేనెన్నడన్న కాలు పెట్టిన్నా?"

"కుప్పంత నా బర్రె పేడనే. మరి బర్రె మంచిగనే ఉంది గద. పాలిస్తలేదా?"

"బర్రె ఏం తింటుందో అడుగు అత్తా."

అందరి చూపూ గోడవారగా బీడీ కాలుస్తున్న మామ ఆగయ్య మీదికి తిరిగింది. ఆయన పెద్ద క్లబ్బులో తోటమాలి. రోజూ సాయంత్రం లాన్‌లో కోసిన గడ్డిమోపు సైకిల్ క్యారియర్ మీద తెస్తాడు. పైసా ఖర్చులేని మేత అని కాశమ్మకు మహా గొప్ప.

"మామా, లాన్‌ల కొత్త మందు కొడుతున్నరని అన్నం తినుకుంట నువ్వే జెప్పినవ్. వెడల్పాకుల కలుపు వంకర తిరిగి చస్తది, గడ్డికేం గాదన్నవ్. గడ్డి తిన్న బర్రెకేం గాలే. మక్కజొన్న గడ్డి జాతే, దానికేం గాలే. పేడల బడి వచ్చిన మందు చిక్కుడును పట్టింది."

ఆగయ్య చేతిలో బీడీ ఆరిపోయింది.

"క్లబ్బుల గూడ ఆ గడ్డి కుప్పవోసిన తాన గులాబీలు గిట్లనే అయినయి," అన్నాడు నేల చూస్తూ. "పురుగనుకున్న. మన పాదు జూసినంక అనుమానమొచ్చింది."

"మరి నోరెందుకు తెరవలే?" కాశమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు కోడలి మీదికి పోతున్నవ్. నా గడ్డి మీదికి రాలేదు గదా అని ఊకున్న."

సాయిలు లేచి సంచీ అందుకున్నాడు. "ఇగ నడువు చెల్లె. గిసొంటి ఇంట్ల ఎందుకు?"

"నేను రాను అన్నా. తప్పు చేసినోళ్లు పోవాలె, నేనెందుకు పోవాలె?" రాజమణి అత్త వైపు తిరిగింది. "ముట్టుకు మాడిందని నల్లకాడ జెప్పినవ్. ఇది గూడ ఆడనే జెప్పాలె."

"నేను జెప్పను," అని కాశమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆ సాయంత్రం ఆగయ్య సైకిల్ మీద గడ్డిమోపు లేదు. కొన్న వరిగడ్డి వేస్తే బర్రె మొహం తిప్పుకుంది. ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మర్నాడు రాజమణి మళ్లీ మూలకు కూర్చోవలసిన రోజు వచ్చింది. కూర్చోలేదు. బిందె పట్టుకుని నల్లాకే వెళ్లింది. చూసి నిలబడిపోయింది.

నల్లా గద్దె మీద రెండు డాల్డా డబ్బాలున్నాయి. వాటి పక్కన నడుముకు కొంగు దోపుకుని కాశమ్మ.

"కండ్లు పెట్టి జూడున్రి. రెండూ నా కోడలు బయటున్నప్పుడు పెట్టినయే. మాడింది నా ఎరువుకు. రుక్మా, నీ టమాట గూడ నా ఎరువుకే పోయింది. ఎవలింట్ల మిగిలినా మొక్కలకు వెయ్యకున్రి." ఒక్కక్షణం ఆగింది. "మా అత్త నన్ను గూడ గట్లనే మూలకు కూసోబెట్టింది. ఎందుకని నేనెన్నడు అడగలే. ఇది అడిగింది."

కోడల్ని చూసింది. కొంగు ముడి విప్పి, గింజలు ఆమె అరచేతిలో పోసింది.

"పెరట్ల ఇగ మక్క తప్ప ఏం రాదు. ఇయ్యి మిద్దె మీద ఉత్త మట్టిల పెట్టు."

"ఇయ్యాల నేను బయటున్న అత్తా," అంది రాజమణి, అందరికీ వినబడేలా.

"తెలుసు," అంది కాశమ్మ. "నీళ్లు జర తక్కువ పొయ్యి."