అమ్మణి చేతి ఉండ

ఆడి నెల మొదటి రోజు, షిఫ్ట్ వదిలే సైరను, మిల్లు సంగు, ఊది అయిదు నిమిషాలు కాకముందే, వరదరాజన్ పాలు వద్దన్నాడు.

పీలమేడులో ఇది చిన్న వార్త కాదు. మూడేళ్ళుగా పగటి షిఫ్ట్ వదలగానే మిల్లు గేటు దాటి, ఎదురుగా ఉన్న వీరరాఘవన్ పాలంగడి మెట్టెక్కి, "చక్కెర తక్కువ, మీగడ ఎక్కువ" అనే మనిషి అతను. అంగడి ముందు బల్ల దగ్గర నిలబడేది వీరరాఘవన్ ఒక్కగానొక్క కూతురు అమ్మణి. సంగు కూత మొదలవగానే గ్లాసు కడిగి, కూత ఆగేసరికి పాలు పోసి ఉంచేది. మీగడ మొత్తం ఆ గ్లాసులోకే జారేలా గరిటె ఎంత వంచాలో ఆమెకు బాగా తెలుసు.

"మానేస్తిని" అన్నాడు వరదరాజన్, గ్లాసు వంక కాకుండా గోడ మీది క్యాలెండర్ వంక చూస్తూ. "పాలు దూడది. మనది గాదు. క్యాంటీన్లో ఆ వైద్యం సారు చెప్పె గదా."

చెప్పిన మాట నిజమే. మధురై నుంచి ఒక ప్రకృతి వైద్యం సారు వచ్చి, పాలు, నెయ్యి, వెన్న మానండి, మొలకెత్తిన గింజలు తినండి, కడుపు బాగుపడుతుంది అని గంటసేపు మాట్లాడి పోయాడు. టీ, బజ్జీలతో కడుపులో పుండ్లు తెచ్చుకున్న మిల్లువాళ్ళు సగం మంది తలలూపారు. వాళ్ళలో నిజంగా మానేసేవాడు వరదరాజన్ అవుతాడని మాత్రం ఎవరూ అనుకోలేదు. నూలు వడికే విభాగంలో ఫిట్టరు అతను. పాలకోవ కనిపిస్తే చేతిలో స్పానర్ కింద పెట్టేసే రకం.

"సరి" అంది అమ్మణి. పోసిన పాలు తిరిగి గిన్నెలో పోసింది, కాస్త గట్టిగానే.

అసలు మంట మర్నాడు మొదలైంది. మిల్లు గోడ వారన, అంగడికి సరిగ్గా ఎదురుగా, ఆరోగ్యమేరి గంప దించింది. మిల్లు వెనక కూలీల లైన్లలో ఉండే పిల్ల, అమ్మణి వయసుదే. గంపలో మొలకెత్తిన పెసలు, కొబ్బరి తురుము, పచ్చిమామిడి ముక్కలు. ఆ గంప ముందు ఆకు దొన్నె చేత పట్టుకుని వరదరాజన్.

ఆరోగ్యమేరి ఏదో అంది. అతను నవ్వాడు.

అమ్మణి దగ్గర నవ్వితే అతని మీసం మాత్రమే కదిలేది. అక్కడ పళ్ళు కనిపించాయి. అమ్మణి గరిటె పట్టుకుని ఆ పళ్ళనే చూస్తూ నిలబడిపోయింది. వెనకాల పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

"ఏమమ్మా, కండ్లు యాడ పెట్టుంటివి?" లోపల్నుంచి వీరరాఘవన్ అరిచాడు.

"పొయ్యి మీదనే నాయనా."

అబద్ధం. కళ్ళు గంప మీద ఉన్నాయి, కడుపు మాత్రం పొయ్యి కంటే ఎక్కువ మండుతోంది. దీన్ని అసూయ అంటారని అమ్మణికి తెలియక కాదు. తెలిసినా తగ్గే జబ్బు కాదది.

మూడో రోజు పొద్దున ఉడుమలైపేట నుంచి వచ్చిన కొబ్బరికాయల బస్తా విప్పి, వేరుశెనగలు వేయించి, బెల్లం పాకం పట్టి, ఉండలు కట్టింది. నెయ్యి చుక్క లేదు, పాలు లేవు. సాయంత్రం షిఫ్ట్ వదిలాక వరదరాజన్ మెట్టు ముందునుంచి పోతుంటే పిలిచింది.

"ఇందాండి. దూడకి దీంతో పని లేదు."

వరదరాజన్ ఉండ వంక ఆకలిగా చూశాడు. చెయ్యి సగం లేచింది, మళ్ళీ జేబులోకి పోయింది.

"బెల్లం కాచితివి గదా అమ్మణీ. మంట తగిలింది తినకూడదంట."

"ఎవరు చెప్పిరి?"

"ఆ సారే చెప్పె" అని గబగబా గంప వైపు నడిచాడు.

నాలుగో రోజు మంట తగలకుండా చేసింది. ఖర్జూరం, నువ్వులు, కొబ్బరి కలిపి రోట్లో దంచిన ఉండలు. అప్పుడు నువ్వులు వేడి చేస్తాయన్నాడు. అయిదో రోజు నానబెట్టిన పెసలు, కొబ్బరి, నిమ్మరసం. అప్పుడు ఉప్పు పడదన్నాడు. ఉప్పు లేకుండా చేస్తే, డ్యూటీకి టైమాయెనని పరుగెత్తాడు. అతని డ్యూటీ అయిపోయి అప్పటికి పావుగంట.

ఇందులో వింత ఒకటుంది. అతను వద్దన్నవన్నీ మిగతావాళ్ళు కావాలన్నారు. కండెలు చుట్టే విభాగం ఆడవాళ్ళు వేరుశెనగ ఉండల కోసం వరసలో నిలబడ్డారు. కడుపులో పుండు ఉన్న మేస్త్రీ ఒకాయన ఉప్పులేని పెసలు తిని, పదేళ్ళలో మొదటిసారి మధ్యాహ్నం నిద్రపట్టిందని ఊరంతా చాటాడు. పది రోజులు తిరిగేసరికి పాలకోవ పళ్ళేలు వెనక వరసకి పోయి, ముందు వరసలో సజ్జ ఉండలు, మొలకల దొన్నెలు, కొబ్బరిపాల చెంబులు కూర్చున్నాయి. వీరరాఘవన్ కూతుర్ని చూసి, ఇంత తెలివి ఎక్కడిదని మురిసిపోయాడు. ఆ తెలివి పేరు ఆరోగ్యమేరి అని ఆయనకి ఎవరు చెబుతారు?

ఆడి గాలి మొదలైంది. నీలగిరి వైపునుంచి తుంపర వచ్చి మిల్లు గోడని తడిపి పోతుండేది. తుంపర పడినా వరదరాజన్ గంప దగ్గరే. పైగా ఒకరోజు తన తువ్వాలు తీసి గంప మీద కప్పాడు. అమ్మణి ఆ రోజు నిమ్మకాయ కోయబోయి వేలు కోసుకుంది.

నెలాఖరు వారంలో ఒకనాడు ఆమె కోవెలకి పోయి వచ్చేసరికి, వీరరాఘవన్ గ్లాసులు కడుగుతున్నాడు.

"వరదరాజన్ వచ్చుండె" అన్నాడు మామూలుగా. "పాలు తాగె. ఒకటి గాదు, రెండు గ్లాసులు. మీగడ ఉందా నాయనా అని అడిగి మరీ తాగె."

అమ్మణి పూలబుట్ట బల్ల మీద పెట్టింది. అంటే అతను మానేసింది పాలు కాదు. వీరరాఘవన్ పోస్తే తాగాడు, ఆరోగ్యమేరి పెడితే తీసుకుంటున్నాడు. వద్దన్నది ఒక్క అమ్మణి చేతిని. అంత ఏహ్యమైన పని తనేం చేసిందో ఎంత వెతికినా కనిపించలేదు.

"ఇంకొక మాట" అన్నాడు వీరరాఘవన్. "ఆడిలో పెళ్ళి మాట ఎత్తకూడదు గానీ, జాబు రాయాల గదా. ఉడుమలైపేట వాళ్ళు నిన్ను చూడను ఆడి పోయినంక, ఆవణి మొదటి శుక్రవారం వస్తామంటుండారు. కొబ్బరి మండీ, మంచి ఇల్లు. రమ్మందునా?"

"రమ్మను" అంది అమ్మణి.

జాబు ఆ సాయంత్రమే తపాలా డబ్బాలో పడింది.

మర్నాడు ఆమె ఊరుకోలేకపోయింది. అంత గొప్ప రుచి ఏముందో చూద్దామని, షిఫ్ట్ వదలడానికి ముందే తుంపరలో రోడ్డు దాటి గంప ముందు నిలబడింది.

"ఏమి కలుపుతుండావు ఇందులో? మొగోళ్ళు కదలకుండా నిలబడుతుండారు."

ఆరోగ్యమేరి తలెత్తి చూసింది. ఆమెకీ కోపంగానే ఉంది.

"ఎవరు, ఆ ఫిట్టరా? ఈ నెలంతా కొనె. ఒక్క గింజ నోట్లో వెయ్యలే. గోడ మలుపు తిరిగి, అదో, ఆ మేకకి పోస్తాడు. నా గంప సరుకు మేకలకే అని నలుగురు నవ్వుతుండారు. ఆయన్ని మీ అంగడికే పిలుచుకో తల్లీ, నీకు పుణ్యముంటాది."

"తినకపోతే ఇక్కడెందుకు నిలబడేది?"

"వెనక్కి తిరిగి చూడు."

అమ్మణి తిరిగి చూసింది. గంప దగ్గరనుంచి తమ అంగడి బల్ల తేటగా కనిపిస్తోంది. బల్ల వెనక తను రోజూ నిలబడే చోటు, ఇప్పుడు ఖాళీగా.

"మొదటి రోజు నేను అడిగితిని, ఎవరిని చూస్తుండావని. సిగ్గుతో పళ్ళు బయటపెట్టె" అంది ఆరోగ్యమేరి. "అప్పటినించి నా మొగం ఎట్లుంటాదో కూడా ఆయనకి తెలీదు."

అంతలో సంగు కూసింది. గేటులోంచి వచ్చిన వరదరాజన్, గంప దగ్గర అమ్మణిని చూసి ఆగిపోయాడు. ఆరోగ్యమేరి గంప ఎత్తుకుని మర్యాదగా పది అడుగులు దూరం జరిగింది.

"మా నాయన చేతి పాలు తాగితిరి గదా" అంది అమ్మణి.

"తాగితిని."

"నా చేతిది మాత్రం ఆకాదా, పడదా?"

అతను తడిసిన మీసం తుడుచుకున్నాడు. "ఇప్పుడు చెప్పకూడదు."

"మరి ఎప్పుడు?"

"ఆవణి పుట్టినంక."

ఆడిలో ఎత్తకూడని, ఆవణిలో ఎత్తే మాట ఏ ఇంట్లోనైనా ఒక్కటే, పెళ్ళి మాట. అమ్మణి చెవులు వేడెక్కాయి. పాత ఇళ్ళలో పెళ్ళికి ముందు ఉండే పట్టింపులు ఆమె విన్నవే. అయినా నెలరోజుల మంట అంత తేలిగ్గా ఆరదు.

"చెప్పద్దు. నేను అడుగుతా, మీరు తలూపండి. మీ అవ్వ చెప్పెనా?"

ఊపాడు.

"పెళ్ళికని ఒక పిల్ల పేరు ఇంట్లో ఎత్తినంక, ఆ పిల్ల చేతిది తినకూడదనా?"

ఊపాడు.

"తాళి కట్టినంక, పాలూ పండూ తినిపించే పాలుపళం నాడు తానా ఆ చేతిది మొదలు తినేది?"

గట్టిగా ఊపాడు. "మా ఇంటి వళక్కం, ఆచారం అది. పాలు మానేస్తినంటే విడిచిపెడతావనుకొంటిని. నువ్వు దినానికొకటి చేస్తే నేనేమి చేసేది? ఆ వేరుశెనగ ఉండ వాసనకి నాకు నిద్ర లేదు."

"ఆ పిల్ల ఎవరు?"

"తలూపితే అదెట్ల తెలిసేది?" అన్నాడు. నవ్వాడు. ఈసారి పళ్ళు అమ్మణి కోసమే కనిపించాయి.

ఆమె మాత్రం నవ్వలేకపోయింది. "ఆవణి మొదటి శుక్రవారం ఉడుమలైపేట వాళ్ళు వస్తుండారు. నన్ను చూడను. నేనే రమ్మంటిని."

"ఎందుకంటివి?"

"ఈ గంప మీద కోపంతో."

వరదరాజన్ రోడ్డు దాటి నేరుగా అంగడి మెట్టెక్కాడు. అమ్మణి వెనకే పరుగెత్తి బల్ల వెనక్కి చేరింది. పోయే షిఫ్ట్, వచ్చే షిఫ్ట్ రెండూ రోడ్డు మీదే ఉన్నాయి. వరసలో ఆడవాళ్ళున్నారు, కడుపు పుండు మేస్త్రీ ఉన్నాడు.

"ఆ వేరుశెనగ ఉండ ఇయ్యి అమ్మణీ."

"మీ అవ్వ..."

"అవ్వకి నేను చెప్పుకుంటా. దొన్నెలో వద్దు. చేత్తో ఇయ్యి."

ఆమె ఇచ్చింది. అతను అందరి ముందూ నిలబడి, ఆ ఉండని మెల్లగా, చివరి పలుకు దాకా తిన్నాడు. వీరరాఘవన్ గరిటె గిన్నెలోనే వదిలేసి చూస్తూ ఉండిపోయాడు.

తెల్లవారగానే వరదరాజన్ అవ్వ సౌందరమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. వరదరాజన్ మెట్టు కిందే నిలబడ్డాడు. అవ్వ రాత్రి ఏమన్నదో అతని మొహమే చెబుతోంది.

"ఆడి ఇంకా నాలుగు దినాలు ఉండాది. కల్యాణం మాట నేను ఎత్తను" అంది అవ్వ. "తిండి మాట చెప్పను వచ్చినా. మా పిల్లోడు నిన్న నీ అంగట్లో ఒక ఉండ తినె."

"తిననీ అవ్వా. దానికేమి?" అన్నాడు వీరరాఘవన్.

"నీ కూతురి చేతిది. మిల్లంతా చూసె. పెళ్ళికి పేరెత్తినంక మా ఇంటి మొగపిల్లోడు ఆ పిల్ల చేతిది తింటే, ఇంక ఇంకొక పిల్ల చేతిది ముట్టడు. నా మొగుడు అట్లనే, నా కొడుకు అట్లనే. ఈడు ఆవణి దాకా ఆగలే, గాడిద. ఇప్పుడు నీ కూతురు వేరే ఇంటికి పోతే ఈడు జన్మంతా పస్తే. ఏమి చెయ్యాల్నో నువ్వే చెప్పు."

వీరరాఘవన్ మొహం వాడిపోయింది. ఆయన ఒకసారి మాట ఇస్తే తిప్పే మనిషి కాదు. "ఉడుమలైపేటకి జాబు రాసేస్తిని అవ్వా" అని కూతురి వైపు తిరిగాడు. "నువ్వు తానే రమ్మంటివి?"

"అప్పటికి ఈయన మన ఉండ తినలేదు నాయనా" అంది అమ్మణి, తల వంచుకుని.

వీరరాఘవన్ పొయ్యి దగ్గరికి పోయి కాసేపు పాలు కలిపాడు. కలపాల్సిన అవసరం లేదు, ఊరికే కలిపాడు. తర్వాత చేతులు తుడుచుకుని, పెట్టె మీది ఇస్త్రీ చొక్కా తీసుకున్నాడు.

"జాబుతో ఆగే పని గాదు. నేనే పోయి క్షమించమని అడిగి వస్తా" అన్నాడు. మెట్టు దిగుతూ వరదరాజన్ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు అంగడి చూసుకో. పాలు పొంగనియ్యద్దు."

అవ్వ కర్ర పక్కన పెట్టి అమ్మణి గడ్డం పట్టుకుంది. "చల్లగా ఉండు తల్లీ. ఆవణి పుట్టనీ, తాంబూలంతో వస్తా. పాలుపళానికి పాలు మీ అంగడివే."

"పాలెందుకు అవ్వా? పాలు దూడది, మనది గాదని ఈయన మిల్లంతా చెప్పె గదా. కొబ్బరిపాలు పోస్తా" అంది అమ్మణి.

వరదరాజన్ పొయ్యి మీది గిన్నె వంక చూశాడు. మీగడ అప్పుడే కడుతోంది. అతను నోరు తెరిచి, అవ్వని చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

ఆవణిలో తాళి కట్టాక అతను అమ్మణి చేతి కొబ్బరిపాలే తాగాడు, మొహం చిట్లించకుండా. దొన్నెలన్నీ ఆరోగ్యమేరి సరఫరా. పెళ్ళి మర్నాడు మిల్లు సంగు కూత మొదలవగానే అమ్మణి ఒక గ్లాసు కడిగింది. కూత ఆగేసరికి గరిటె వంచింది, ఎంత వంచాలో అంతే. మీగడ మొత్తం ఆ గ్లాసులోకి జారింది.