హాలా? క్లబ్బా?

"కసిమీరోను చంపడానికి ఇద్దరు నది దాటేశారు, ఆర్బీసా" అన్నాడు కల్నల్ పిరిస్ ఫోన్‌లో. "ఆయుధాల ముఠా గుట్టంతా ఆ ఓడల గుమస్తాకి తెలుసు. ఇవాళ సాయంత్రం సెర్రో పేట కమ్యూనిటీ హాల్లో జడ్జి ముందు వాంగ్మూలం ఇస్తాడు."

"చోటు మార్చెయ్యండి సార్."

"మారిస్తే మాయమైపోతారు. నాకు వాళ్లు ప్రాణాలతో కావాలి. వాళ్లకి ఊరు తెలీదు. మనలో ఎవడో హాలు పేరు అమ్మేశాడు, అంతే. ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటూ వస్తారు. నువ్వు దిద్దే మ్యాపే."

గూఢచారి ఎర్మెస్ ఆర్బీసాకు ఇక చెప్పనక్కర్లేకపోయింది. ఉరుగ్వేలోని సాల్తో నగరంలో ఏడాదిగా అతని మారువేషం అదే. ఎవరైనా దిద్దగల ఉచిత మ్యాప్‌లో ఊరి భవనాలు నమోదు చేసే వాలంటీరు. చంకలో మాతే కషాయానికి వేడినీళ్ల ఫ్లాస్కు, దాని అడుగున ట్రాన్స్‌మిటర్. ఏ తలుపు తట్టినా అడిగేది ఒకటే. ఇది అందరిదా, సభ్యులదా? అందరిదైతే హాలు. సభ్యులదైతే క్లబ్బు.

జవాబు చెప్పి తలుపు వేసుకునేవారు. ఏడాదిలో అతనితో నాలుగు మాటలు మాట్లాడిన మనిషి డెల్మీరా ఒక్కతే, అదీ మ్యాప్‌లోనే. తోటి వాలంటీరు. అతను హాలని రాస్తే ఆమె కొట్టేసి క్లబ్బని రాసేది, ఎందుకో పేజీలకు పేజీలు వివరించేది. ఒక్కోసారి ఆమె దెబ్బలాటకు వస్తుందని కావాలనే తప్పు రాసేవాడు.

మధ్యాహ్నానికి అతను బోచాస్ క్లబ్బు చేరాడు. హాలున్న వీధిలోనే ఇంకో చివర, మట్టి కోర్టులో ముసలివాళ్లు బంతులు దొర్లించుకునే చోటు. ఇవాళ దొర్లిస్తున్నవాళ్లు నెరసిన విగ్గులు పెట్టుకున్న పోలీసులు. క్యాంటీన్లో కూర్చుని మ్యాప్‌లో రెండు భవనాల పేర్లూ రకాలూ తారుమారు చేశాడు. హాలు క్లబ్బయింది, క్లబ్బు హాలయింది.

అంతలోనే ఎవరో పాతది తిరిగి పెట్టేశారు. డెల్మీరా. మళ్లీ మార్చాడు. మళ్లీ పోయింది.

కింద వివరణ లేదు. ప్రతిదానికీ పేజీలు రాసే మనిషి ఒక్క ముక్క రాయలేదు. ఈసారి ఇది వాదన కాదని అతనికి అర్థమైంది.

"బోచాస్ క్లబ్బుకి రండి. ఎదురెదురుగా వాదించుకుందాం" అని ఆ మార్పు కిందే ఆమెకు రాశాడు.

సాయంత్రమవుతుండగా ఆమె వచ్చింది. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు. వీధి మొత్తం తల తిప్పి చూసేంత అందం. అతను ఊహించుకున్న మొహం ఇది కాదు.

"ముఠాకి హాలు పేరు అమ్మింది మీరేనా?"

"నేను కూడా కల్నల్ మనిషినే. నీమీద కన్నేసి ఉంచమని పెట్టాడు. ముఠావాళ్లు నన్ను తర్వాత కొనుక్కున్నారు."

"మరి ఆ వాదనలు? అవీ డ్యూటీయేనా?"

ఆమె అద్దాలు తీసింది. "మొదట్లో" అంది.

అతనికి అడగాల్సినవి చాలా ఉన్నాయి. టైము లేదు.

"హాల్లో ఈవేళప్పుడు కుట్టుపని నేర్చుకునే ఆడవాళ్లు ఉంటారు. పంపించేస్తే మీవాళ్లకి అనుమానం వస్తుందని కల్నల్ ఉండనిచ్చాడు."

"ఖాళీ చేయిస్తారనుకున్నాను. కసిమీరో ఒక్కడే ఉంటాడని..."

"హాలంటే తలుపు తెరిచే ఉంటుందని నాకు చెప్పింది మీరు కాదూ? తుపాకీ మనిషిని ఎంచుకుని కాలుస్తుందా, డెల్మీరా?"

బయట నీలం రంగు కారు క్లబ్బును దాటి హాలు వైపు సాగిపోయింది. డ్రైవరు పక్కనున్నవాడి చేతిలో ఫోన్ వెలుగుతోంది.

ఆమె తన ఫోన్ తీసి, మ్యాప్‌లో హాలును క్లబ్బుగా, క్లబ్బును హాలుగా మార్చేసింది.

హాలు గుమ్మం ముందు కారు ఆగింది. ఒక తలుపు తెరుచుకుంది. కారులో ఇద్దరూ ఫోన్ చూసుకుంటూ గొడవపడ్డారు. తలుపు మూసుకుంది. కారు వెనక్కి తిరిగింది.

ఇద్దరు క్లబ్బులోకి వచ్చారు, చేతులు కోట్లలో పెట్టుకుని.

"బంతి తడిగా ఉంది" అన్నాడు ఎర్మెస్ ఫ్లాస్కు దగ్గర నోరు పెట్టి. అదే సంకేతం.

నెరసిన విగ్గులవాళ్లు బంతులు వదిలేసి పిస్తోళ్లు తీశారు. ఒక్క గుండు కూడా పేలలేదు. వీధి ఆ చివర హాల్లో జడ్జి ముందు కసిమీరో గొంతు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

డెల్మీరా చేతులకు బేడీలు వేశారు. ఆమె ఎర్మెస్ వైపు తిరిగి అంది: "నువ్వు కావాలని తప్పులు రాస్తున్నావని నాకు తెలుసు. అయినా జవాబు రాసేదాన్ని."

పోలీసు వ్యాను వెళ్లిపోయింది. అతను క్యాంటీన్లోనే ఒక గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

ఎండ వాలేసరికి అసలు ముసలివాళ్లు తిరిగొచ్చారు. క్యాంటీన్ నడిపే ఎవారిస్టో గ్లాసులు తుడుస్తూ మండిపడ్డాడు. "ఎవడో సన్నాసి మమ్మల్ని హాలని రాశాట్ట! ఊళ్లోవాళ్లంతా జొరబడ్డారు!"

ఎర్మెస్ ఫోన్ తీసి రెండు భవనాలూ సరిదిద్దాడు. కింద చాలా వివరంగా కారణం కూడా రాశాడు, చదివేవాళ్లు లేకపోయినా. "దిద్దాను పెద్దాయనా. ఇప్పుడిది క్లబ్బే. సభ్యులకు మాత్రమే."

"సంతోషం" అన్నాడు ఎవారిస్టో. "ఇంతకీ నువ్వు సభ్యుడివా?"

"కాదు."

"అయితే ఆ గ్లాసు ఖాళీ చేసి లేవయ్యా."